మంచం కమ్మీకి నేనిచ్చిన సర్టిఫికెట్

నా ఉద్యోగం మచ్చలు వెతకడం. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఒక కార్ల ఫ్యాక్టరీ ఉంది. అందులో తెల్లటి ట్యూబ్‌లైట్ల సొరంగం ఒకటి ఉంది. ఆ సొరంగంలో నిలబడి, నా ముందునుంచి ఊరేగింపుగా వెళ్ళే కారు తలుపుల మీద వేలిముద్ర ఉందా, దుమ్ము రేణువు ఉందా, రంగులో సన్నటి గీత ఉందా అని ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. నా కంటపడకుండా తప్పించుకుపోయిన మచ్చ ఉత్తర అమెరికా ఖండంలో లేదని నా నమ్మకం. ఇంట్లో డిష్‌వాషర్‌లోంచి తీసిన గ్లాసును కూడా కిటికీ వెలుతురుకు పట్టుకుని నాలుగు వైపులా తిప్పి చూస్తాను.

"ఏమండీ, అది గ్లాసు, కారు తలుపు కాదు. నీళ్ళు తాగి అక్కడ పెట్టండి" అంటుంది మా ఆవిడ.

ఆవిడ మా తెలుగు చర్చి సంఘంలో సండే స్కూల్ టీచరు. పిల్లలు ప్రార్థనలో కళ్ళు మూసుకున్నారా, లేక పక్కవాణ్ణి గిల్లుతున్నారా అని చూడాలంటే ఎవరో ఒకరు కళ్ళు తెరుచుకుని ఉండాలి కదా. పంతొమ్మిదేళ్ళు అలా చూసీ చూసీ ఆవిడకి ప్రార్థనలో కళ్ళు మూతపడటమే మానేశాయి. సంఘం మొత్తం తలలు వంచుకుని ఉంటే ఆవిడొక్కతే రాడార్‌లా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అందుకే ఇదంతా రాయాల్సొచ్చింది.

నిరుడు చలి మొదలయ్యే రోజుల్లో ఆవిడకి కడుపునొప్పి వచ్చింది. నేను మొదటి రోజు వాము నీళ్ళు ఇచ్చాను. రెండో రోజు ఇంకాస్త ఎక్కువ వాము నీళ్ళు ఇచ్చాను. వైద్యంలో నాకు తెలిసిన రెండు దశలూ పూర్తయ్యాక ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అప్పటికే లోపల అపెండిక్స్ పగిలిపోయింది. సోమవారం పొద్దున ఆపరేషన్ చేశారు.

బయటికొచ్చిన సర్జన్‌కి పాతికేళ్ళు కూడా ఉన్నట్టు లేవు. కానీ మాట మాత్రం ముత్తాతలా నిదానంగా ఉంది.

"కడుపులో చీము పట్టింది, కడిగేశాం. ఇక నాలుగైదు రోజులు బలమైన యాంటీబయాటిక్స్ నరంలోకి ఎక్కిస్తాం. వాటితో ఒక చిక్కుంది. చెడ్డ క్రిములతో పాటు పేగుల్లో మనకి మేలు చేసేవి కూడా చచ్చిపోతాయి. అప్పుడు పేగు ఖాళీ ఇల్లులా ఉంటుంది. ఆస్పత్రుల్లో తిరిగే మొండి క్రిమి ఒకటి సరిగ్గా అప్పుడే దూరిందంటే కాపురం పెట్టేస్తుంది. ఆవిడ ఉన్న పరిస్థితిలో అదొక్కటి రాకూడదు. మనమంతా జాగ్రత్తగా చూసుకుందాం. అంతా బాగుంటే శుక్రవారం ఇంటికి పంపించేస్తాను."

'మనమంతా' అన్న ముక్క నాకు వినపడలేదు. 'చూసుకుందాం' అన్నది మాత్రం నాకు అందిన నియామకపత్రంలా వినపడింది. ఆ క్షణం నుంచి ఆ గదికి క్రిముల నిరోధక శాఖ మంత్రిని నేను.

గది గుమ్మం పక్కన గోడకి చేతులు శుభ్రం చేసుకునే జెల్ డబ్బా ఉంది. చెయ్యి కింద పెడితే 'జుయ్' మని ఇంత నురగ ఉమ్ముతుంది. నాకు ఆ చప్పుడు మీద వెంటనే భక్తి కుదిరింది. లోపలికి వెళ్తూ ఒకసారి, బయటికి వస్తూ ఒకసారి, ఏమీ తోచక నాలుగుసార్లు రుద్దుకున్నాను. మంగళవారం మధ్యాహ్నానికల్లా నా అరచేతుల్లో పుట్టినప్పటి గీతలు చెరిగిపోయాయి. ఏ జ్యోతిష్కుడు చూసినా నాకు భవిష్యత్తు లేదనేవాడు.

మంగళవారం సాయంత్రం సంఘం వచ్చింది.

మావాళ్ళు ఆస్పత్రికి రావడమంటే తలుపు దగ్గర తొంగిచూసి 'గెట్ వెల్ సూన్' బెలూను కట్టేసి పోవడం కాదు. గదికి ఇద్దరే రావాలని నర్సు చెప్పింది. ఇద్దరంటే రెండు కుటుంబాలు అని మావాళ్ళు అర్థం చేసుకున్నారు. మొత్తం పదకొండు మంది. నేను గుమ్మంలో నిలబడి, పెళ్ళిలో పన్నీరు చల్లేవాడిలా ఒక్కొక్కరి చేతినీ పట్టుకుని డబ్బా కింద పెట్టి జెల్ పట్టించాను.

"చేతులు తడి ఆరేదాకా రుద్దండి. వేళ్ళ సందుల్లో, వేళ్ళ సందుల్లో!"

"తమ్ముడూ, నువ్వు ఆపరేషన్‌లోకి పంపిస్తున్నావా, ప్రార్థనలోకి పంపిస్తున్నావా?" అన్నాడు పెద్దన్నయ్య.

పెద్దన్నయ్య నాకు సొంత అన్న కాదు. మా సంఘంలో పెద్ద. ఆయన ప్రార్థన మొదలుపెడితే సృష్టి జరిగిన మొదటి రోజు పొద్దున బయల్దేరుతాడు. నీళ్ళూ నేలా విడిపోవాలి, చేపలు పుట్టాలి, పక్షులు పుట్టాలి, మనిషి పుట్టి తప్పు చెయ్యాలి. అదంతా దాటుకుని ఒంగోలు, హైదరాబాదు, డెట్రాయిట్ విమానాశ్రయాల మీదుగా మా ఆవిడ మంచం దగ్గరికి చేరేసరికి బయట చెట్లు ఆకులు రాల్చేస్తాయి.

ప్రార్థనకి మాకొక పద్ధతి ఉంది. రోగిని ముట్టుకోవాలి. రోగి అందనివాళ్ళు మంచానికి పక్కనున్న కమ్మీని పట్టుకోవాలి. కమ్మీ కూడా అందనివాళ్ళు కమ్మీ పట్టుకున్నవాళ్ళ భుజం పట్టుకోవాలి. వైరు తెగకుండా కరెంటు పారినట్టు అన్నమాట. ఆ కమ్మీ మీద ఆ సాయంత్రం లెక్కకు అందనన్ని వేళ్ళు ఉన్నాయి. హార్మోనియం మెట్ల మీద కూడా అన్ని వేళ్ళు ఆడి ఉండవు.

పక్షులు పుడుతున్న ఘట్టంలో ఎవరో తలుపు తట్టారు. "హౌస్‌కీపింగ్."

నేను ఒక కన్ను తెరిచాను. బూడిదరంగు యూనిఫాంలో ఒకావిడ. అరవైకి దగ్గర్లో ఉంటుంది. ఒక చక్రం కీచుమనే తోపుడుబండి, దాని మీద నీలం గుడ్డలు, బ్లీచ్ సీసా. గది శుభ్రం చెయ్యడానికి వచ్చింది. పెద్దన్నయ్య గొంతు ఆ సమయంలో ఆకాశంలో ఉంది. దాన్ని మధ్యలో ఆపడమంటే ఎగురుతున్న విమానాన్ని చెయ్యెత్తి ఆపడమే. మా సంఘం పుట్టినప్పటి నుంచి ఆ సాహసం ఎవరూ చెయ్యలేదు. నేను ఎడం చేత్తో, నడుము వెనకనుంచి, 'తర్వాత, తర్వాత' అని చిన్నగా సైగ చేశాను. ఆవిడ గౌరవంగా తల వంచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, గుమ్మం దగ్గరున్న చెత్త సంచి మాత్రం తీసుకుని వెళ్ళిపోయింది. ఎంత సంస్కారం అనుకున్నాను. నా సంస్కారం గురించి కూడా అనుకున్నాను.

బుధవారం స్త్రీల సమాజం. పాస్టరమ్మగారు ఫ్లాస్కులో మిరియాల చారు తెచ్చారు.

"ద్రవపదార్థాలే ఇవ్వమన్నారు కదా బ్రదర్? చారు ద్రవమే కదా!"

న్యాయశాస్త్ర ప్రకారం ఇందులో లోపం లేదు. ఫ్లాస్కు మూత తీసి మంచం ముందు బల్ల మీద బోర్లించాం. ఈలోగా మా ఆవిడ ఫోనుకి ఒంగోలు నుంచి వీడియో కాల్ వచ్చింది. ఫోను అందరి చేతుల్లోంచి ప్రయాణించింది. మా ఆవిడ మొహం దగ్గరికి, పాస్టరమ్మగారి చెంప దగ్గరికి, కమ్మీ మీదకి, దిండు మీదకి, మళ్ళీ చారు మూత పక్కకి. ఒంగోలు వాళ్ళు మా ఆవిడ తప్ప గదిలో అన్నీ చూశారు.

"వదినా, చిక్కిపోయావే!" అని ఫోను అరిచింది.

"అది సెలైన్ స్టాండమ్మా, ఇటు తిప్పండి" అంది మా ఆవిడ.

పాట ఎత్తుకున్నారు. రెండో చరణంలో మళ్ళీ కీచుమని చక్రం, తలుపు మీద మెల్లగా రెండు దెబ్బలు. ఈసారి నేను తాళం వేస్తున్న కుడిచెయ్యినే కొంచెం పక్కకి తిప్పి 'తర్వాత' అన్నాను. తాళం తప్పలేదు. ఆవిడ నవ్వి, గుమ్మం దగ్గర నేల మీద తడిగుడ్డ ఒకసారి లాగి, వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున ఎవరూ లేరు. మా ఆవిడ కళ్ళు మూసుకుని పడుకుంది. శుభ్రం చేసే ఆవిడ ఈసారి బండిని నేరుగా లోపలికి తోసుకొచ్చి బ్లీచ్ సీసా మూత తిప్పింది. ఆ వాసన నా ముక్కుపుటాల్ని దాటి జ్ఞాపకాల దాకా వెళ్ళింది.

"మేడమ్, దయచేసి ఇవాళ వద్దు. ఈ వాసనకి నా భార్యకి వాంతి వస్తుంది" అన్నాను.

"కమ్మీలూ, బల్లా, రిమోట్ తుడవాలి సార్. రెండు రోజులైంది."

ఇక్కడ నాలోని నిపుణుడు మేలుకున్నాడు. కమ్మీ దగ్గర వంగి, కిటికీ వెలుతురు ఏటవాలుగా పడేలా తల పెట్టి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాను. వేలితో రాసి ఆ వేలు ఆవిడకి చూపించాను.

"చూడండి. దుమ్ము లేదు, మచ్చ లేదు. అద్దంలా ఉంది. నా ఉద్యోగమే ఇది మేడమ్, చూడటం."

"నా ఉద్యోగం తుడవటం సార్" అందావిడ నవ్వుతూ. "కనిపించేదాని కోసమైతే నన్నెందుకు పెట్టుకుంటారు?"

ఎంత తెలివైన మాటో! నేను కూడా నవ్వాను. నవ్వి, పంపించేశాను. పోతూపోతూ చెత్త తీసి, గుమ్మం దాకా నేల తుడిచి, తలుపు వెనక వేలాడే కాగితం మీద రోజూ పెట్టే టిక్కు పెట్టింది. ఆ తర్వాత నేను కాగితపు రుమాలుకి జెల్ పట్టించి బల్లని స్వహస్తాలతో తుడిచాను. క్రిముల నిరోధక శాఖ పనితీరు అద్భుతం.

శుక్రవారం పొద్దున మా ఆవిడ చెప్పులు, దువ్వెన, ఛార్జర్ సంచిలో సర్దుతున్నాను. ఆవిడ బాత్రూమ్‌కి వెళ్ళొచ్చింది. కూర్చోకుండానే మళ్ళీ వెళ్ళింది. పది గంటలకల్లా ఏడుసార్లు.

"చారు పడలేదేమో" అన్నాను.

"మొన్నటి చారు ఇవాళ పడకపోవడమేంటండీ" అంది గోడ పట్టుకుని. నుదురు కాలిపోతోంది.

ఏడోసారి తర్వాత నర్సు బాత్రూమ్ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి గాలి పీల్చింది. ఆవిడ మొహంలో నవ్వు మాయమైంది. ఒక చిన్న డబ్బాలో నమూనా తీసుకుని వెళ్ళింది. మధ్యాహ్నం మా తలుపుకి ఒక బోర్డు తగిలించారు. లోపలికి వచ్చేవాళ్ళంతా గ్లౌజులు, పసుపు రంగు కాగితపు గౌను వేసుకోవాలట. సర్జన్ ఏ క్రిమి రాకూడదన్నాడో అదే వచ్చింది. పేరు 'సి డిఫ్' అన్నారు. శుక్రవారం ఇంటికి వెళ్ళడం రద్దు.

పసుపు గౌను వేసుకుని, నలుగు పెట్టుకున్న పెళ్ళికొడుకులా గుమ్మంలో నిలబడి, నేను అలవాటుగా జెల్ డబ్బా కింద చెయ్యి పెట్టాను.

"దానికి ఆ జెల్ అంటే లెక్కే లేదు" అంది నర్సు. "ఈ క్రిమి తన చుట్టూ గింజ తొక్కలాంటి పెంకు కట్టుకుంటుంది. ఆల్కహాల్ దాన్ని ఏమీ చెయ్యలేదు. చేతులైతే సబ్బూ నీళ్ళూ పెట్టి రుద్ది కాలువలోకి పంపించాలి. వస్తువులైతే బ్లీచ్. లేకపోతే కమ్మీల మీదా, స్విచ్చుల మీదా నెలలపాటు కూర్చుంటుంది."

"నెలల పాటా? తిండీ తిప్పలూ లేకుండానా?"

"అవును. ఎవరి చెయ్యో వచ్చి ఎక్కించుకుంటుందని చూస్తూ ఉంటుంది."

నాలుగు రోజులుగా నేను పన్నీరులా చల్లి పంపించిన చేతులన్నీ కళ్ళముందు తిరిగాయి. నా చేతులతో సహా.

సాయంత్రం మరో నర్సు వచ్చింది. ఆస్పత్రిలో అంటువ్యాధులు ఎలా పాకుతున్నాయో కనిపెట్టడం ఆవిడ పని. పొట్టిగా ఉంది, చేతిలో టార్చిలైటు ఉంది. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఫ్యాక్టరీలో గొట్టాల్లోంచి నూనె కారుతోందేమో చూడటానికి వాడే ఊదారంగు లైటు అచ్చం అదే. సాటి వృత్తివాళ్ళం!

"మంగళవారం మధ్యాహ్నం మీ భార్యని స్కానింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు ఈ గదిలో నాలుగు చోట్ల కంటికి కనపడని చుక్కలు పెట్టాను" అంది ఆవిడ. "అందరూ ముట్టుకునే చోట్ల. తడిగుడ్డతో ఒక్కసారి సరిగ్గా తుడిస్తే పోతాయి. తుడిచారో లేదో తెలుసుకోవడానికి ఇది మా పద్ధతి."

కర్టెన్లు మూసి, దీపాలు ఆర్పి, టార్చి వెలిగించింది.

కమ్మీ మీద నీలంగా ఒక చుక్క వెలిగింది. నేను నిన్న తల వాల్చి, 'మచ్చ లేదు' అని సర్టిఫికెట్ ఇచ్చిన చోటే. నర్సుని పిలిచే మీట మీద ఒక చుక్క. బల్ల అంచున ఒకటి, బాత్రూమ్ గొళ్ళెం మీద ఒకటి. దీపావళికి ముందుగానే వచ్చిన నాలుగు దీపాలు.

అంతటితో అయిపోతే బాగుండేది. కమ్మీ మీది చుక్కకి తోకచుక్కలా మూడు చారికలు ఉన్నాయి. ఆవిడ లైటుని మెల్లగా తిప్పింది. చారు ఫ్లాస్కు మూత మీద నీలంగా ఒక మరక. మా ఆవిడ ఫోను అట్ట మీద ఒకటి. ఆవిడ దిండు గలీబు అంచున ఒకటి.

"ఇదేమిటి? ఆరిన చుక్క ఇలా అంటుకోదే" అని గొణుక్కుంది. "ఎప్పుడూ తడిచేతులతో తిరిగేవాళ్ళు ఎవరో పట్టుకున్నట్టున్నారు."

లైటు నా మీదకి తిరిగింది. నా కళ్ళద్దాల ఫ్రేము రెండు వైపులా దేదీప్యమానంగా వెలిగిపోతోంది.

ఇరవై రెండేళ్ళు మచ్చలు పట్టినవాణ్ణి, నా ముక్కు మీద మచ్చ పెట్టుకుని దాంట్లోంచే లోకాన్ని తనిఖీ చేశాను.

దీపాలు వేసి ఆవిడ తలుపు వెనకున్న కాగితం చూసింది. మంగళ, బుధ, గురు. మూడు టిక్కులు. మళ్ళీ కమ్మీకేసి చూసింది. గుమ్మంలో కీచుమని చక్రం ఆగింది. శుభ్రం చేసే ఆవిడ గౌను వేసుకుని నిలబడి ఉంది. ఆవిణ్ణి అప్పటికే పిలిపించినట్టున్నారు.

"మూడు రోజులూ శుభ్రం చేసినట్టు టిక్ ఉంది. ఒక్క చుక్క కూడా పోలేదు" అంది టార్చి నర్సు. గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భయంగా ఉంది.

శుభ్రం చేసే ఆవిడ నావైపు చూసింది. చూసి కాగితం వైపు తిరిగింది. "టిక్ నేనే పెట్టాను" అంది. అంతే.

మా ఫ్యాక్టరీలో ఏదైనా తప్పు దొరికితే మేము ఒక ఫారం నింపుతాం. మూలకారణం అని ఒక గడి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ గడిలో నేను రాసేది ఒకటే: పనివాడి పొరపాటు. చెయ్యి అలవాటుగా ఆ ముక్కే రాస్తుంది. ఇప్పుడు కూడా నేను నోరు మూసుకుని నిలబడితే చాలు, ఆ గడి దానంతటదే నిండిపోతుంది. ఆ టార్చి నర్సుకి నేనెవరు? రోగి భర్త. పాపం, పసుపు గౌనులో ఉన్నాడు.

మంచం మీదనుంచి మా ఆవిడ నావైపే చూస్తోంది. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ ఆ చూపు నాకు తెలుసు. వెనక బెంచీలో పక్కవాణ్ణి గిల్లిన పిల్లాడి మీద పడే చూపు.

"ఆవిడ తప్పు కాదండి" అన్నాను. "వచ్చింది. మూడు రోజులూ వచ్చింది. నేనే పంపించేశాను."

"మూడు సార్లా?"

"మొదటిసారి ప్రార్థన జరుగుతోంది. రెండోసారి పాట జరుగుతోంది. మూడోసారి..." కమ్మీకేసి చూడలేకపోయాను. "మూడోసారి శుభ్రంగా ఉందని నేనే తనిఖీ చేశాను."

టార్చి నర్సు నన్ను ఒక వింత నమూనాని చూసినట్టు చూసి, కాగితం మీద ఏదో రాసింది. "ఆ క్రిమి ఇక్కడినుంచే వచ్చిందని నేను చెప్పలేను" అంది. "ముందున్న రోగి వదిలి వెళ్ళిందో, ఎవరి చేతిమీద వచ్చిందో, ఆవిడ పేగులో ముందే ఉందో. కానీ తుడవని కమ్మీ మాత్రం దానికి దారి చూపిస్తుంది." తర్వాత శుభ్రం చేసే ఆవిడతో, "ఈసారి ఎవరైనా వద్దంటే టిక్ పెట్టకు, వద్దన్నారని రాయి" అంది.

"రాస్తాను" అందావిడ. "ఈయన ప్రార్థనలో ఉన్నారు కదా, పేరు పాడుచెయ్యడం ఎందుకని."

నా పేరు! నాకు అలాంటిదొకటి ఉందని ఆస్పత్రి మొత్తంలో ఆవిడొక్కతే నమ్మింది.

వాళ్ళిద్దరూ బయటికి వెళ్ళాక మా ఆవిడ నోరు విప్పింది. "మంగళవారం ఎడం చేత్తో. బుధవారం కుడి చేత్తో, తాళంలో. గురువారం ఉపన్యాసంతో."

"నువ్వు చూశావా? మూడూ చూశావా?"

"ప్రార్థనలో నేను కళ్ళు మూసుకోనని మీకు తెలీదా?"

"మరి నిన్న నిద్రపోతున్నావు కదా!"

"నటించా. నాకూ ఆ బ్లీచ్ వాసన పడదు. పోనీలే అనుకున్నా." దుప్పటి సర్దుకుని, "ఈ తప్పులో సగం నాదే" అంది.

"అయితే ఇందాక ఎందుకు చెప్పలేదు?"

"పిల్లల దగ్గర కూడా అంతేనండీ. వాడంతట వాడు చెప్తాడేమోనని రెండు నిమిషాలు చూస్తాను. మీరు ఒకటిన్నరలో చెప్పారు."

ఆ తర్వాత రెండు రోజులు నేను ఏ హాస్యమూ ఆడలేదు. ఆవిడ పెదవులు ఎండిపోయాయి. లేపి కూర్చోబెడితే నా చేతి మీద బరువే తెలీలేదు. సర్జన్ వచ్చి ఆవిడ పొట్ట నొక్కి చూసి వెళ్ళిపోయేవాడు. రోజుకు రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. కొత్త మందు వేశారు. నేను సింకు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంటూ అద్దంలోంచి ఆవిణ్ణి చూసేవాణ్ణి. కళ్ళద్దాలు కూడా కడిగేవాణ్ణి. కడిగినవి మళ్ళీ కడిగేవాణ్ణి.

"ఏమండీ" అంది రెండో రోజు, కళ్ళు తెరవకుండానే. "ఏదో ఒకటి వెక్కిరించండి. మీరిలా నోరు మూసుకుంటే నాకు భయంగా ఉంది."

"మీ సర్జన్‌కి మీసం మొలిచింది" అన్నాను. "మొన్న లేదు."

ఆవిడ నవ్వలేదు గానీ పెదవి ఒక పక్కకి వంగింది. ఆ వంపు చూసి నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి నీళ్ళు తిప్పి కాసేపు నిలబడ్డాను.

సోమవారానికి బాత్రూమ్ ప్రయాణాలు రెండుకు తగ్గాయి. జ్వరం దిగింది. ఇలాగే ఉంటే బుధవారం పంపిస్తానన్నాడు సర్జన్. "కానీ మందు అయ్యేదాకా చూడాలి. ఇది ఒకసారి పోయి మళ్ళీ వచ్చే రకం. గదిలో ఏదీ తుడవకుండా ఉండకూడదు" అన్నాడు. ఈసారి నాకు ప్రతి ముక్కా వినపడింది.

సంఘాన్ని గదిలోకి రావద్దని నేనే చెప్పాను. పాస్టరమ్మగారు "అయ్యో, ఫ్లాస్కు?" అన్నారు. కడిగించి పంపిస్తానన్నాను. పెద్దన్నయ్య మాత్రం, గదిలోకి వద్దంటే ఫోన్‌లో అయినా ప్రార్థన చెయ్యక మానను అన్నాడు. మంగళవారం పొద్దున ఫోనుని జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, మంచం ముందు బల్ల మీద పెట్టాను.

సృష్టి మొదలైంది. నీళ్ళూ నేలా విడిపోయాయి. ప్లాస్టిక్ సంచిలోంచి చేపలు పుడుతుండగా తలుపు బయట చక్రం కీచుమంది. రెండు మెల్లటి దెబ్బలు. "హౌస్‌కీపింగ్."

నా ఎడం చెయ్యి అలవాటుగా నడుము వెనకకి వెళ్ళింది. ఆవిడ కూడా గుమ్మంలోనే ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, వెనక్కి తిరగబోయింది. మా ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. రెండు నిమిషాల గడియారం నడుస్తోంది.

"అన్నయ్యా" అన్నాను. "అన్నయ్యా, ఒక్క నిమిషం ఆపండి."

ఆకాశంలో విమానం ఇంజను ఆగిపోయినట్టు నిశ్శబ్దం.

"ఏంటి తమ్ముడూ? ఏమైంది? చెల్లెమ్మకేమైనా...?"

"ఏం కాలేదు. గది తుడవడానికి వచ్చారు."

"తుడవడానికా? ప్రార్థన మధ్యలోనా?"

"అవునన్నయ్యా. ముందు తుడవాలి."

ఆయన జీవితంలో ఎవరూ ఇలాంటి మాట అనలేదు. నేను "రండి మేడమ్" అని బల్లని ఆవిడ వైపు జరిపాను. ఆవిడ కమ్మీ ఈ చివరినుంచి ఆ చివరిదాకా తుడిచింది. మీట, రిమోట్, బల్ల అంచు, గొళ్ళెం, ఫోను ఉన్న సంచి కూడా. ఒకే గుడ్డతో రెండు చోట్ల తుడవదని ఆ రోజే గమనించాను. గది నిండా బ్లీచ్ వాసన. మా ఆవిడ దుప్పటి అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

నా చెయ్యి ఊరికే ఉండక కమ్మీ మీదకి పోయింది.

"ముట్టుకోకండి!" అందావిడ. "కొద్దిసేపు తడిగా ఉండాలి. అప్పుడే అది చస్తుంది. ఆరేదాకా ఎవరూ తాకకూడదు."

"అన్నయ్యా," అన్నాను ఫోనుకి, "తడి ఆరేదాకా టైముంది. ఇప్పుడు చెయ్యండి."

పెద్దన్నయ్య గొంతు సవరించుకున్నాడు. ఆ చేపల దగ్గరికి వెనక్కి వెళ్ళలేదు. చెల్లెమ్మ పేగుని కాపాడమన్నాడు, ఇంటికి పంపించమన్నాడు, ఆ గదిని తుడిచే చేతుల్ని దీవించమన్నాడు, ఆమేన్ అన్నాడు. శుభ్రం చేసే ఆవిడకి ఒక్క తెలుగు ముక్క తెలీదు గానీ ఆమేన్ మాత్రం గట్టిగా అంది.

కమ్మీ ఇంకా తడిగానే ఉంది.

"అప్పుడే అయిపోయిందా?" అంది మా ఆవిడ, ముక్కు మీద దుప్పటితోనే. "బండి తోసుకుంటూ రోజూ ఈ టైముకే రమ్మనండి ఆవిణ్ణి. ఆదివారాలు చర్చికి కూడా."